నడింట్లో కండ్రిగ దారి

2002 జూన్ 9, ఆదివారం

ఈ మనిషితో ఇక నేను మాట్లాడను. మాట్లాడితే నా పేరు ప్రసన్నకుమారి కాదు. పొద్దున వచ్చిన కోపం సాయంత్రానికి కరిగిపోవడం నాకు పాడు అలవాటు. అందుకే ఈసారి రాసి పెట్టుకుంటున్నాను.

నా సైకిలును పాత ఇనుముకు వేసేశాడు. నా సైకిలును! నేను కాలికి కట్టుతో లోపల మంచం మీద పడి ఉన్నాను. వీధిలో ఇనుప సామాన్లవాడి కేక వినిపించింది. కాసేపటికి నా సైకిలు బెల్లు వినిపించింది. ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారులే అనుకున్నాను. పిల్లలు కాదు, నా మొగుడు. ఈ చంద్రగిరిలో పెళ్ళి వీడియోలు తీసే మునిశేఖర్‌ గారు.

అది చాలదన్నట్టు, మొన్న చిత్తూరుకు పెళ్ళికి పోయినప్పుడు మా జిల్లా ఆరోగ్య ఆఫీసులో కూడా దూరి వచ్చాడట. "మా ఆమె ఇంక పల్లెల మీద తిరగలేదు సార్, ఏదన్నా కుర్చీ పని ఇయ్యండి" అన్నాడట. వాళ్ళు దానిదేముందన్నారట. ఆగస్టు చివర్లో డాక్టర్లు నా మోకాలు చూస్తారు. సైకిలు తొక్కగలిగితే నా పల్లెలు నాకు. లేకపోతే చిత్తూరులో కుర్చీ, ఫ్యాను, టపా.

పెళ్ళికి ముందు నుంచీ ఆ పల్లెల నర్సును నేను. ఎవరింట్లో ఎవరు కడుపుతో ఉన్నారో, ఎవరు మాత్రలు ఆవుకు పెట్టే తవుడులో కలిపేస్తారో అన్నీ నాకు తెలుసు. మేకను తప్పించబోయి రంగన్న మిట్ట దిగుడులో ఒక్కసారి పడ్డాను. ఒక్కసారి పడితే ఇంత రాద్ధాంతమా?

ఎందుకు చేశావయ్యా అంటే "నీ మంచికే" అంటాడు. నా మంచి నాకు తెలియదు కాబోలు.

జూన్ 10

మాట్లాడలేదు.

జూన్ 12

తిరుపతిలో కట్టు విప్పారు. లోపల ఉన్న కాలు నాది కాదు. సన్నగా, పాలిపోయి, ఎవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. మోకాలు సగం దాకా వంగి మొరాయించింది. "రోజూ సైకిలు తొక్కమ్మా. రోడ్డు మీద కాదు, ఇంట్లో, కదలని సైకిలు" అన్నాడు డాక్టరు.

తిరుపతిలో లాడ్జి ఉన్న ఈయన స్నేహితుడు ధనంజయ ఇంట్లో అలాంటిది ఒకటి ఉందట. వాళ్ళావిడ దాని మీద చీరలు ఆరేస్తుందట. ఈయన దాన్ని ఆటోలో వేసుకొని వచ్చి నడింట్లో పెట్టాడు. ఒకటే చక్రం, అదీ నేలకు తగలదు. బెల్లు లేదు. క్యారేజీ లేదు. ఇదొక సైకిలా?

ఎక్కి తొక్కాను. ఎదురుగా గోడ, గోడ మీద క్యాలెండరు. ఎంత తొక్కినా క్యాలెండరు ఉన్నచోటే ఉంది. మా అత్త తిరుమలమ్మ చెనిక్కాయలు ఒలుస్తూ "ఎందాకా పోయినావే?" అని అడిగింది. "గోడ దాకా" అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది.

జూన్ 15

తొక్కలేదు. గోడ చూసి చూసి విసుగొచ్చింది.

జూన్ 18

ఈరోజూ తొక్కలేదు. అత్త తిట్టింది. "దారి కనపడితే తొక్కుతా అత్తా, గోడను చూసుకుంటా ఎంతసేపని తొక్కేది?" అని గట్టిగానే అన్నాను. ఆయన పెరట్లో కెమెరా బ్యాటరీలు తుడుస్తున్నాడు. విన్నాడో లేదో నాకు అనవసరం.

జూన్ 21

ఈ రోజు సంగతి రాయకుండా నిద్ర పట్టదు.

సాయంత్రం ఆయనా, చిన్నబ్బా కలిసి టీవీని మోసుకొచ్చి నా సైకిలు ముందు పెట్టారు. చిన్నబ్బ అంటే పెళ్ళిళ్ళలో ఈయనకు లైటు పట్టే మనిషి. వయసు యాభై దాటింది, పేరు మాత్రం ఇంకా చిన్నబ్బే. కేసెట్ పెట్టారు. టీవీలో మా వీధి! నాకు తెలియకుండానే కాళ్ళు పెడళ్ళ మీదికి పోయాయి. తొక్కాను.

తొక్కుతుంటే మా ఇల్లు ఎదురుగా కనబడుతూ చిన్నదైపోతోంది. బడ్డీకొట్టు పక్క నుంచి వచ్చి ముందుకు పారిపోయింది. ఒక ఆవు కూడా అంతే. రైల్వే గేటు వచ్చేసరికి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. అప్పటికి అర్థమైంది, నేను ముందుకు తొక్కుతున్నాను, దారి వెనక్కి పోతోంది. మోపెడ్‌ను చిన్నబ్బ తోలుతుంటే ఈయన వెనక సీట్లో తిరగబడి కూర్చొని తీశాడు.

"ఏందిరా ఇది? నా కోడల్ని ఎనక్కి తోల్తా ఉండావే!" అంది అత్త.

"ఊరేగింపును ఎప్పుడూ అట్లనే గదమ్మా తీసేది. మనం ముందర పోతా ఎనక్కి తిరిగి తీస్తేనే గదా పెండ్లికొడుకు మొకం పడేది."

"ఈడ పెండ్లికొడుకు యాడ ఉండాడురా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. చిన్నబ్బ "నేను అప్పుడే అనుకొంటినప్పా" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఊరేగింపుల ముందు వెనక్కి నడిచిన మనిషికి, దారి ముందుకు కూడా ఉంటుందని తోచలేదు.

నాకు నవ్వు రాలేదు. వచ్చిందని అత్త అంటోంది. అది దగ్గు.

జూన్ 25

రెండో కేసెట్. ఈసారి దారి ముందుకే పోయింది. చిన్నబ్బ భుజం మీద నుంచి తీశాడు కాబట్టి దారి పొడవునా ఒక మూల చిన్నబ్బ చెవి. అది పర్వాలేదు, చెవికి అలవాటు పడతాం. కానీ స్టూడియోకు తీసుకుపోయి మిక్సింగు చేయించాడు! మొదట ఒక కలశం వచ్చింది. తర్వాత తామరపువ్వు విచ్చుకొని అందులోంచి మా వీధి వచ్చింది. స్వర్ణముఖి వంతెన మీదికి పోగానే వంతెన గుండె ఆకారంలోకి మారి గిరగిరా తిరిగింది. మామిడితోపు మలుపులో స్లోమోషన్. అక్కడ నేను కూడా మెల్లగా తొక్కాలా, ఏం ఖర్మ?

వంతెన దాటగానే ఆ తోపు వచ్చేసింది. మధ్యలో అంత దారి ఏమైంది? "ఆడ ఏమీ లేదని కట్ చేసినాడంటనే" అంది అత్త.

"ఏమీ లేని దారే నాకు కావాలని నీ కొడుకుతో చెప్పత్తా" అన్నాను. ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. అత్త నా ఎదుటే కేక వేసి చెప్పింది. ఆయన కూడా ఆమెకే జవాబు చెప్పాడు. ఇలా మాట్లాడుకోవడంలో ఇబ్బందేమీ లేదు. బాగానే జరిగిపోతోంది.

జూన్ 28

దారి వచ్చింది. పువ్వుల్లేవు, గుండెల్లేవు, కోతల్లేవు. చెవి ఉంది.

రైల్వే గేటు పడితే నేనూ ఆగాను. గూడ్సు బండి మొత్తం పోయేదాకా పెడలు మీద కాలు పెట్టుకొని ఎదురు చూశాను. వంతెన మీద నుంచి ఏటి ఇసుక, ఎడమ పక్క కొండ మీద కోట. తర్వాత ఏమీ లేని దారి. తుమ్మచెట్లు, దున్నిన చేలు, తెల్లకొంగలు, దూరంగా శేషాచలం కొండలు. మామిడితోపు మలుపులో నేను పక్కకు వాలాను. నడింట్లో, కదలని సైకిలు మీద! అత్త వచ్చి పట్టుకోకపోతే రెండో మోకాలు కూడా పోయేది. గానుగ కొట్టం దగ్గర మేకలు అడ్డం వస్తే "ట్రింగ్ ట్రింగ్" అని నోటితో బెల్లు కొట్టాను.

చివరికి నా ఆఖరు పల్లె, పాపయ్య కండ్రిగ. చేతిపంపు. కేసెట్ అయిపోయింది. చెమటతో రవిక తడిసిపోయి ఉంది. ఏడుపొచ్చింది. సంతోషానికి ఏడవడం ఈ మధ్య మర్చిపోయాను.

ఇదంతా మోకాలి కోసమే. కేసెట్ బాగుందని కాదు.

జూలై 3

ఆషాఢం వస్తోంది. పెళ్ళిళ్ళు సన్నగిల్లి ఆయన ఖాళీగా ఉన్నాడు. రోజు మార్చి రోజు కొత్త కేసెట్.

ఈరోజు మిట్ట దగ్గర గోవిందయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు. బీపీ మాత్రలు నేనే అలవాటు చేసిన ముసలాయన. టీవీ నిండా ఆయన మొహమే.

"నర్సమ్మా, ఇనపడతా ఉండాదా? కాలు ఎట్లుండాది తల్లీ? నువ్విచ్చిన తెల్లమాత్ర ఏసుకుంటే కండ్లు తిరగతా ఉండాయి. ఏసుకోవాల్నా, మానాల్నా?"

"గెట్టిగా సెప్పు పెద్దాయనా, ఆయమ్మ ఆడ సూస్తా ఉండాది" అని చిన్నబ్బ గొంతు. ఈ చిన్నబ్బ ఊళ్ళో అందరికీ ఏం చెప్పాడో ఏమో, కెమెరా ముందు మాట్లాడితే నేను అప్పటికప్పుడే విని బదులు చెప్తానని వాళ్ళ నమ్మకం. గోవిందయ్య నాలుక చాపి చూపించి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నా జవాబు కోసం నిలబడ్డాడు.

"మానొద్దు! తిన్న తర్వాత వేసుకో! లేచేటప్పుడు మెల్లగా లే!" అని అరిచాను. అక్కడ ఆయన తల ఊపాడు.

"నువ్వు ఈడ అరిస్తే ఆడ ఎట్ల ఇనపడతాదే పిచ్చిదానా?" అంది అత్త.

"అయితే నీ కొడుకుతో చెప్పి పంపత్తా."

జూలై 5

"తిన్నాక ఏసుకుంటే బాగుండాదమ్మా" అన్నాడు టీవీలో గోవిందయ్య. నా మాట అందింది!

ఊరంతా పాకింది. రంగన్న మిట్ట ఊళ్ళో ఒకామె బిడ్డ వీపు తిప్పి చెమటకాయలు చూపించింది. ఇంకొకామె, "నా కతేంటో నీకు తెలుసుగదా నర్సమ్మా, ఈ మగోళ్ళ ముందర ఎట్ల సెప్పేది" అని కన్ను గీటి పోయింది. తెలుసు. ఆ మాత్రలు ఏవో అత్తతో చెప్పి పంపాను. కండ్రిగలో ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకొని వచ్చారు. జ్వరం అని చెప్పడానికి పట్టుచీర! ఈయనను చూసి ఎవరో "నర్సమ్మ మొగుడొచ్చినాడు" అని కేక వేశారు. ఇన్నాళ్ళూ నేను వీడియో మునిశేఖర్ పెళ్ళాన్ని. ఆ కేకను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను.

చేతిపంపు దగ్గర భానుశ్రీ. తొలి కాన్పు, ఏడు నిండాయి. మొహంలో ఎముకలే కనిపిస్తున్నాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "అక్కా, నా కాన్పుకు నువ్వొస్తావు గదా? ఊరికే దైర్నానికి" అంది. నా బదులు ఇన్‌ఛార్జి నర్సు వస్తోంది కదా అంటే, పాపం ఆమెకు రెండు సెంటర్లు. ఆమె మాత్రం ఎన్నిచోట్లకు తిరుగుతుంది?

వస్తానని టీవీకి చెప్పాను.

జూలై 9

గాలివాన. కరెంటు పోయింది. అత్త తలుపులు వేసింది. నేను దిగలేదు. కళ్ళు మూసుకొని తొక్కాను. గేటు, వంతెన, తుమ్మచెట్లు, తోపు మలుపు, అన్నీ వరసగా వచ్చాయి.

"యాడిదాకా వచ్చినావే?" చీకట్లో అత్త అడిగింది.

"గానుగ దాటినా."

"పైలం, మేకలుంటాయి."

జూలై 13

మోకాలు నొప్పి. లేదు, పెద్ద నొప్పి కాదు.

జూలై 16

వంటింట్లో తల్లీకొడుకులు మాట్లాడుకుంటున్నారు. నేను తొక్కుతున్నాను కాబట్టి వినపడదనుకున్నారు.

"ఆ పిల్లకు పల్లెలే పానంరా. ఆపీసులో కూర్సోబెడితే మొద్దుబారిపోతాది."

"ఆ పొద్దు మిట్ట కింద ఆయమ్మ పడిపోయుండేది నేను సూసినానుమా. ఎండలో, రాళ్ళలో, కాలు యాడికో తిరిగి ఉండాది. సచ్చిపోయిందనుకొంటి. ఆ సైకిలు కనపడితే సాలు, నాకదే గుర్తొస్తాది."

విననట్టు తొక్కాను. ఈ మాట నాతో చెప్పొచ్చు కదా! నీ మంచికే, నీ మంచికే అని గొణగడం కాకపోతే. కోపం పోలేదు. కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

జూలై 19, శుక్రవారం

రాత్రి చాలా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

మధ్యాహ్నం నిన్నటి కేసెట్ పెట్టుకొని తొక్కుతున్నాను. మిట్ట అయింది, గానుగ అయింది, కండ్రిగ వచ్చింది. చేతిపంపు దగ్గర భానుశ్రీ నవ్వుతూ నిలబడింది. కెమెరా ఆమె మొహం దగ్గరికి పోయింది. "అబ్బ, ఎంత కళ వచ్చిందే ఆ పిల్లకు" అంది అత్త, "ఒళ్ళు సేసింది."

నా కాళ్ళు ఆగిపోయాయి. కేసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కనురెప్పలు బరువుగా ఉన్నాయి. మోచేతి దాకా జారే గాజులు మణికట్టులో దిగబడిపోయి ఉన్నాయి. రెండు వారాల్లో వచ్చిందంటే అది కళ కాదు. ఎండకు అన్నట్టు నుదురు చేత్తో నొక్కుకుంటోంది. అది ఎండ కాదు, తలనొప్పి. ఇలాంటి మొహాలు నేను చూశాను. గుర్రపువాతం వచ్చే ముందు మొహం అది. ఫిట్స్ వస్తే తల్లీ మిగలదు, బిడ్డా మిగలదు.

"ఏమయ్యా!" అని ఒక్క కేక పెట్టాను.

ఆయన పెరట్లోంచి పరిగెత్తుకొని వచ్చాడు. నేను పడిపోయాననుకున్నాడట. "మోపెడ్ తీయి. కండ్రిగకు పోవాల. ఇప్పుడే" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు.

వెనక సీట్లో కాలు బారుగా చాపుకొని, ఒళ్ళో బ్యాగు పెట్టుకొని కూర్చున్నాను. గేటు పడబోతుంటే గేటుమ్యాన్‌ను చూసి ఆయన వేసిన కేకకు అతను ఆపి పట్టుకున్నాడు. తోపు మలుపులో నేను ఆయన భుజం మీద కొడుతూనే ఉన్నాను, ఇంకా బిన్నా పో, బిన్నా పో అని.

భానుశ్రీ మంచం మీద పడుకొని ఉంది. "మొన్నట్నించి కొంచిం తలకాయ నొప్పి, అంతే నర్సమ్మా" అంది వాళ్ళత్త. బీపీ పట్టీ కట్టి గాలి వదిలాను. పాదరసం దిగుతుంటే, ఎక్కడో కింద మొదలవ్వాల్సిన చప్పుడు పైనే మొదలైంది, బీపీ అంత ఎక్కింది. "నీ మొకం మసగ్గా కనపడతా ఉండాదక్కా" అంది భానుశ్రీ.

ఊళ్ళో టమాటాల ఆటో ఒకటి సరుకుతో నిలబడి ఉంది. బుట్టలన్నీ దించి వీధిలో పెట్టించాను. ఆ ఆటోలోనే ఆమెను పడుకోబెట్టి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారంతా ఆమె తల నా ఒళ్ళో. ఈయన మోపెడ్ మీద ముందు పోతూ, హారన్ మీద వేలు తీయకుండా దారి ఇప్పించాడు.

జూలై 20

ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. పిడికెడంత. గాజుపెట్టెలో పెట్టారు, కానీ గొంతు మాత్రం వరండా చివరి దాకా వినిపించింది. భానుశ్రీ కళ్ళు తెరిచింది. ఇంకొక్క పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది.

నేనూ, ఆయనా వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆయనే ముందు మాట్లాడాడు.

"భానుశ్రీ మొకం నేను కెమెరాలో సూసినా ప్రసన్నా. బాగుండాదే అనుకొని జూమ్ గూడా సేసినా."

నేల చూస్తున్నాడు.

"నువ్వు జూమ్ సేసినావు గాబట్టే నాకు కనపడింది" అన్నాను.

ఆయన చెయ్యి నా చేతి మీద పెట్టాడు. తీయలేదు. నేనూ తీయమనలేదు.

జూలై 21

నేను మాట తప్పలేదు. "ఏమయ్యా" అనడం మాట్లాడ్డం కాదు, కేక. ఆ తర్వాత మాట్లాడినవి ఆసుపత్రి పని మీద మాట్లాడినవి. ఇప్పుడు మాట్లాడుతున్నవి ఇంటి పని మీద.

ఆగస్టు 12

శ్రావణం వచ్చింది. ఆయనకు చేతి నిండా పెళ్ళిళ్ళు. పాత కేసెట్లే తిప్పి తిప్పి తొక్కుతున్నాను. మోకాలు దాదాపు మొత్తం వంగుతోంది. చిన్నబ్బ చెవి లేకపోతే దారి దారిలా ఉండదు ఇప్పుడు.

ఆగస్టు 24

ఒక సంగతి ఎవరితోనూ అనలేదు. నడింట్లో పడిపోవడానికి లేదు. రోడ్డు మీద పడిపోవచ్చు. నిజం సైకిలు మీద కూర్చొని నాలుగు నెలలైంది. పక్కింటి వాళ్ళమ్మాయి సైకిలు వసారాలోనే ఉంటుంది. రోజూ చూస్తున్నాను, ముట్టుకోలేదు.

భయం ఏమీ లేదు. ఊరికే రాశాను.

ఆగస్టు 28

చిత్తూరు. ఆయన కూడా వచ్చాడు.

డాక్టర్లు ఇద్దరు, ఆఫీసరు ఒకరు. కాలు వంచమన్నారు, వంచాను. మెట్లు ఎక్కమన్నారు, ఎక్కాను. ఆఫీసరు కాగితాలు తిరగేసి, "ఎందుకమ్మా ఈ వయసులో పల్లెల్లో తిరగడం? ఇక్కడ సీటు ఖాళీగా ఉంది. మీ ఆయన కూడా ఒప్పుకున్నారు కదా?" అని ఆయన వైపు చూశాడు.

ఈయన ఒక్క మాట అంటే చాలు, నా బతుకు ఆ కుర్చీలో కూలబడుతుంది. మిట్ట కింద రాళ్ళలో పడి ఉన్న నేను ఈయన కళ్ళలో ఇంకా ఉన్నానని నాకు తెలుసు.

ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"అప్పుడు ఆ దారి నేను సరిగా సూసింది లేదు సార్. ఇప్పుడు దినామూ సూసినాను. ఆయమ్మను పోనీండి సార్."

నాకు కళ్ళు నిండాయి. సైకిలు తొక్కి చూపిస్తానని నేనే అన్నాను, ఆ ఊపులో. తీరా బయటికి వస్తే అక్కడ ఉన్నది అటెండరు సైకిలు ఒకటే. మగవాళ్ళది, మధ్యలో బారు. చీరతో, ఈ మోకాలితో బారు మీదుగా కాలు వేయడం నా వల్ల కాదు. ఆఫీసరు పర్వాలేదులే అంటున్నాడు. పర్వాలేదంటే ఏమిటి? కుర్చీ అనే కదా!

కొంగు బొడ్లో దోపాను. చిన్నప్పుడు మా నాయన సైకిలు మీద నేర్చుకున్నట్టు, బారు కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ, సగం సగం తొక్కుతూ ఆఫీసు ఆవరణలో బయలుదేరాను. భయం వేసింది. చాలా భయం వేసింది. ఈయన సీటు పట్టుకొని పక్కనే పరిగెత్తుతున్నాడు. "చెయ్యి తీయి!" అన్నాను. "పడతావే!" "చెయ్యి తీయయ్యా!" తీశాడు. వేపచెట్టు చుట్టూ తిరిగి వచ్చాను. టపా గదిలో వాళ్ళంతా కిటికీల దగ్గరికి వచ్చారు. ఒకరెవరో ఈల వేశారు.

"చాలు, చాలు, దిగండమ్మా, మాకు భయమేస్తా ఉండాది" అని డాక్టరు నవ్వుతూ అక్కడే, సైకిలు సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు.

తిరుగు బస్సులో ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను. కాణిపాకం పోయి వచ్చే భక్తులు మమ్మల్ని ఎగాదిగా చూశారు. ఇది దగ్గు కాదు.

సెప్టెంబరు 2, సోమవారం

కొత్త సైకిలు ఆయనే తెచ్చాడు. రంగు నాకు నచ్చలేదు, చెప్పాను కూడా. అత్త హారతి ఇచ్చి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. ఆయనకు తిరుచానూరులో ముహూర్తం. కెమెరా సర్దుకుంటూ నా వైపు చూడకుండా "పైలం" అన్నాడు.

గేటు, వంతెన, తుమ్మచెట్లు. ఎదురుగాలి ఉంటుందని టీవీ చెప్పలేదు. గాలిలో పేడ వాసన, తడిమట్టి వాసన, పూతకు వచ్చిన చెనిక్కాయ చేలు. నాకు నోరు నిండా నవ్వే. రంగన్న మిట్ట ఇంత ఎత్తని నేనే మర్చిపోయాను. టీవీలో అది చదునుగా ఉండేది. సగంలో ఊపిరి అందలేదు. దిగలేదు. ఎవరికో చూపించాలన్నట్టు పళ్ళు బిగించి తొక్కాను. పైన గోవిందయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు. బీపీ చూస్తే ఆయనకే నాకన్నా తక్కువ ఉన్నట్టు అనిపించింది.

కండ్రిగలో ఆడవాళ్ళంతా చేతిపంపు దగ్గర వరసగా నిలబడి ఉన్నారు. పట్టుచీరలు, తలలో కనకాంబరాలు. నాకోసమే అనుకొని పొంగిపోయాను. వాళ్ళు నా వెనక్కి చూస్తున్నారు.

"కెమెరా యాడ నర్సమ్మా?"

"కెమెరా రాలేదు. నేనొచ్చినా గదే!"

"అయ్యో, తెలిసుంటే ఈ చీర కట్టుకోకపోదునే" అంది ఒకామె. అందరూ గొల్లుమన్నారు.

భానుశ్రీ మాత్రం కెమెరా మాట ఎత్తలేదు. గుమ్మం దిగి వచ్చి, బిడ్డను నా చేతుల్లో పెట్టింది. గాజుపెట్టెలో పిడికెడంత ఉన్నది, ఇప్పుడు చేతికి బరువు తెలుస్తోంది. మొదటి సూది నేనే వేశాను. కయ్యిమని గుక్కపెట్టి ఏడ్చింది. తొడ మీద దూది పెట్టి అదుముతూ, ఆ ఏడుపు వింటూ ఊరికే కూర్చుండిపోయాను. "ఏడవనీలేక్కా, పాలిస్తే మానుకుంటాది" అంది భానుశ్రీ. నేనే ఇవ్వలేదు ఆమెకు, ఇంకాసేపు ఎత్తుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మోకాలు బూరెలా వాచింది. కొంగుతో కప్పుకొని కూర్చున్నాను. పెళ్ళి నుంచి ఆయన వచ్చాడు. కెమెరా బ్యాగు దించకుండానే అడిగాడు.

"నొప్పిగా ఉండాదా?"

లేదు అనబోయాను. ఈ నాలుగు నెలలూ అదే చెప్పాను, ఆయనకూ చెప్పాను, ఈ డైరీకీ చెప్పాను. నొప్పి ఉందంటే రేపు వద్దంటాడని.

"ఉండాది" అన్నాను. "బాగా ఉండాది."

ఆయన కింద కూర్చొని, కొంగు తీసి మోకాలు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి కాపడానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అక్కడి నుంచే కేక వేశాడు.

"రేపు మిట్ట కాడ దిగి తోసుకొని పో. సిగ్గేం లేదు."